క్యాలెండర్‌లో పట్టిన 214 కోట్లు

పిల్లలతో ఆడుకోవడానికి ఒక ఆట. 31 రోజులున్న నెల క్యాలెండర్ బల్ల మీద పరవండి. ఒకటో తేదీ గడిలో ఒక బియ్యపు గింజ, రెండో తేదీన రెండు, మూడున నాలుగు, ఇలా రోజూ రెట్టింపు చేస్తూ పొండి. వారం పూర్తయ్యేసరికి మొత్తం 127 గింజలు, గుప్పెట్లో పట్టేస్తాయి. పదో తేదీకి 1,023. అక్కడి నుంచి కాగితం మీద లెక్క వేసుకోవడమే మేలు. ఎందుకంటే నెలాఖరుకి మొత్తం 2,14,74,83,647 గింజలవుతాయి! గింజ బరువు 20 మిల్లీగ్రాములనుకుంటే సుమారు 43 టన్నుల బియ్యం.

మన పిల్లలు దీన్ని రెండు బిలియన్లు అంటూ మొదలుపెట్టి చదువుతారు. మనకేమో 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. ఎలా చదివినా ఇది ప్రధాన సంఖ్య. అంటే ఒకటితోనూ, తనతోనూ తప్ప మరే సంఖ్యతోనూ శేషం లేకుండా భాగించలేం. 1772లో ఈ సంగతి తేల్చినవాడు అయిలర్. అప్పటికి ఆయనకు చూపు దాదాపు పోయింది. మామూలుగా అయితే నాలుగు వేలకు పైగా భాగహారాలు చేయాలి. ఈ సంఖ్యకు కారణాంకాలంటూ ఉంటే అవి ఏ రూపంలో ఉండాలో ముందే ఆలోచించి, ఆయన ఆ పనిని 372 భాగహారాలకు తగ్గించాడు. గుడ్డిగా లెక్కలు చేయడం కన్నా ముందు ఆలోచించడం ఎంత పని తగ్గిస్తుందో పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఉండదు.

ఈ సంఖ్యతో మనకు ఇంకో పని కూడా ఉంది. క్యాలెండర్‌లోని 31 గడులే కంప్యూటర్‌లో 31 బిట్లు. పాత పద్ధతిలో ఒక సంఖ్యకు 32 బిట్లు కేటాయించేవారు. ఒకటి ప్లస్సా మైనస్సా అన్న గుర్తుకు, మిగతా 31 సంఖ్యకు. అందులో పట్టే అతి పెద్ద సంఖ్య ఇదే. 2014లో గంగ్నమ్ స్టైల్ పాట వీక్షణలు ఈ హద్దు దాటేలోపే యూట్యూబ్ తన లెక్కింపును 64 బిట్లకు మార్చుకుంది.

చాలా కంప్యూటర్లు 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లను లెక్కపెట్టి సమయం చెబుతాయి. ఆ లెక్క ఈ సంఖ్యను చేరే క్షణం హైదరాబాద్‌లో 2038 జనవరి 19 ఉదయం 8:44:07. డల్లాస్‌లో అప్పటికింకా 18వ తేదీ రాత్రి 9:14:07. మరుసటి సెకనుకి, మార్చకుండా వదిలేసిన పాత యంత్రాల గడియారం 1901 డిసెంబరుకి వెళ్లిపోవచ్చు. కొత్త ఫోన్లు, కంప్యూటర్లు 64 బిట్లవి కాబట్టి వాటికి బెంగ లేదు. చూసుకోవాల్సింది ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోని పాత ప్రోగ్రాములను, యంత్రాల లోపల ఇమిడిన చిన్న కంప్యూటర్లను.

ఇలాంటి తేదీ చిక్కు మనకు కొత్తేమీ కాదు. వైటూకే పని పేరుతోనే కదా ఎన్నో తెలుగు కుటుంబాలు అమెరికాలో అడుగుపెట్టాయి! అప్పుడు అమ్మానాన్నలు రాత్రింబవళ్లు కూర్చుని సరిచేశారు. ఈసారి వంతు ఇప్పుడు బల్ల దగ్గర గింజలు లెక్కపెడుతున్న పిల్లలదే కావచ్చు.