ఖాయిలా పరిశ్రమలు, పార్టీ పక్షపాతం, ఇస్లామీయ న్యాయదృష్టి

ఒక పెద్ద కర్మాగారం అప్పుల్లో కూరుకుపోయి మూతపడే స్థితికి వస్తే, ప్రభుత్వం ఖజానా సొమ్ముతో దాన్ని నిలబెట్టవచ్చునా, కూడదా? మోటారు వాహనాల పరిశ్రమ విషయంలో ఈ ప్రశ్న పలు దేశాలలో పలుమార్లు తలెత్తింది. ఇది ఆర్థిక సమస్య మాత్రమే గాక న్యాయానికి సంబంధించిన సమస్య కూడా. అయితే జవాబు చెప్పేవారిలో చాలామంది లెక్కలు చూడరు. గద్దె మీద ఎవరున్నారో చూసి మాట్లాడతారు. ఈ ధోరణిని ఇస్లాం ఏ విధంగా పరిగణిస్తుందో పరిశీలించడం అవసరం.

హైదరాబాదు అనుభవం

హైదరాబాదు వాసులకు ఈ సంగతి కొత్త కాదు. 1942లో నిజాం ప్రభుత్వపు పారిశ్రామిక ట్రస్టు నిధి, అల్లాద్దీన్ కంపెనీ కలిసి హైదరాబాద్ ఆల్విన్ మెటల్ వర్క్స్‌ను నెలకొల్పాయి. సనత్‌నగర్ ప్రాంతంలోని ఆ కర్మాగారంలో బస్సుల బాడీలు, ఉక్కు బీరువాలు, రిఫ్రిజిరేటర్లు, తరువాతి కాలంలో చేతిగడియారాలు తయారయ్యాయి. కాలక్రమాన అది రాష్ట్ర ప్రభుత్వ రంగ సంస్థ అయింది. 1980లలో జపానుకు చెందిన నిస్సాన్ సహకారంతో జహీరాబాద్‌లో ఆల్విన్ నిస్సాన్ పేరిట తేలికరకం లారీల తయారీ ప్రారంభమైంది.

అదే కాలంలో టొయోటా, మిత్సుబిషి, మాజ్డాల సహకారంతో మరి మూడు సంస్థలు అదే రకం వాహనాలతో దేశంలో బజారుకు వచ్చాయి. 1985 తరువాత జపాను యెన్ విలువ బాగా పెరగడంతో దిగుమతి విడిభాగాల ఖరీదు పెరిగింది. టాటా 407 పోటీ కూడా తోడయింది. 1980ల చివర, తెలుగుదేశం పాలనలో, ఆల్విన్ నిస్సాన్ మహీంద్రా సంస్థ చేతికి వెళ్ళింది. మాతృసంస్థ ఆల్విన్ కూడా ఖాయిలా పడింది. 1994లో, కాంగ్రెస్ పాలనలో, దాని రిఫ్రిజిరేటర్ల విభాగం వోల్టాస్‌లో కలిసింది. గడియారాల విభాగం వేరుపడి, చివరకు మూతపడింది. కూకట్‌పల్లి వైపున ఆల్విన్ కాలనీ అనే పేరు మాత్రం నిలిచి ఉంది.

తరువాత 2002లో తెలుగుదేశం ప్రభుత్వం నిజాం షుగర్స్‌లో అధిక వాటాను ప్రైవేటువారికి అప్పగించినప్పుడు, ప్రతిపక్షంలో ఉన్న కాంగ్రెస్ దాన్ని తీవ్రంగా వ్యతిరేకించింది. రెండు సంస్థల స్థితిగతులు ఒకటి కావు. అయినా పార్టీల వైఖరిని వారి సిద్ధాంతం కన్నా వారు కూర్చున్న స్థానమే ఎక్కువగా నిర్ణయించిందని గ్రహించడం కష్టం కాదు.

ఇతర చోట్ల

మారుతి కథ కూడా ఇదే. 1971లో సంజయ్ గాంధీ ఆధ్వర్యాన ఏర్పడిన మారుతి లిమిటెడ్ కార్ల ఉత్పత్తిలో విఫలమైంది. జనతా ప్రభుత్వం దాని వ్యవహారాలపై జస్టిస్ ఎ.సి. గుప్తా విచారణ కమిషన్‌ను నియమించింది. ఇందిరాగాంధీ తిరిగి అధికారానికి వచ్చాక 1980లో ఆ సంస్థను జాతీయం చేశారు. ఒక పార్టీకి కుంభకోణమైనది మరొక పార్టీకి జాతీయ అవసరమైంది. సుజుకి భాగస్వామ్యంతో 1983 డిసెంబరులో బయటికి వచ్చిన కారు గొప్ప విజయం సాధించింది. కాని ఫలితం బాగుండడం వేరు, నాటి నిర్ణయం న్యాయంగా జరిగిందా అన్నది వేరు.

బ్రిటన్‌లో లేబర్ ప్రభుత్వం 1975లో బ్రిటిష్ లేలాండ్‌ను జాతీయం చేసింది. స్వేచ్ఛావాణిజ్యాన్ని బోధించిన థాచర్ ప్రభుత్వమే 1981లో దానికి మరో 99 కోట్ల పౌండ్లు మంజూరు చేసింది.

అమెరికాలో 2008 డిసెంబరులో జనరల్ మోటార్స్, క్రైస్లర్ కంపెనీలను ఆదుకునే బిల్లు సెనేట్‌లో రిపబ్లికన్ల వ్యతిరేకత వల్ల ఆగిపోయింది. అప్పుడు రిపబ్లికన్ అధ్యక్షుడైన బుష్ బ్యాంకుల కోసం ఏర్పరచిన నిధి నుండి 1,740 కోట్ల డాలర్లు ఇచ్చాడు. 2009లో ఒబామా ఆ సహాయాన్ని విస్తరింపజేశాడు. మొత్తం వ్యయం 8,000 కోట్ల డాలర్లకు చేరింది. అందులో సుమారు 7,000 కోట్లు తిరిగి వచ్చాయి. మొదలుపెట్టింది రిపబ్లికన్ అధ్యక్షుడే అయినా, తరువాతి సంవత్సరాల అభిప్రాయ సేకరణలలో డెమొక్రాట్లలో అధికులు సహాయాన్ని సమర్థించగా, రిపబ్లికన్లలో అధికులు తప్పుపట్టారు.

అసబియ్యత్ అనే రోగం

తనవారు అన్యాయం చేస్తున్నా వారికి తోడ్పడడమే అసబియ్యత్ అని మహాప్రవక్త ముహమ్మద్ (స) వివరించినట్లు హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. ఆనాడు అది తెగల మధ్య ఉండేది. నేడు పార్టీల మధ్య ఉంది. ఒక వర్గంపై గల ద్వేషం న్యాయమార్గం నుండి మనిషిని తప్పించరాదని దివ్యఖుర్ఆన్ సూరా మాయిదా 8వ ఆయతు బోధిస్తుంది. మిత్రునికీ ప్రత్యర్థికీ ఒకే తక్కెడ వాడాలన్నది దాని సారాంశం.

ఆ తక్కెడలో తూచవలసినవి మూడున్నాయి.

మొదటిది అమానతు. బైతుల్‌మాల్ పాలకుని సొంత ఆస్తి కాదు. దానిలో రిక్షా కార్మికుని పైసా కూడా ఉంది. అమానతులను హక్కుదారులకు అప్పగించాలన్న సూరా నిసా 58వ ఆయతు ఆదేశం ప్రభుత్వ సహాయానికీ వర్తిస్తుంది. సొమ్ము ఎవరికి, ఏ షరతులపై ఇచ్చారో ప్రజలకు తెలియాలి.

రెండవది లాభనష్టాల జోడు. నష్టానికి బాధ్యత వహించేవానికే లాభంపై హక్కు అన్నది ఒక హదీసుపై ఆధారపడిన ఫిఖ్హ్ సూత్రం. మంచిరోజుల్లో లాభం యజమాని తిని, చెడ్డరోజుల్లో నష్టం ఖజానాపై వేస్తే ఈ సూత్రం భంగమవుతుంది. వడ్డీకి అప్పివ్వడం కన్నా, కష్టకాలంలో వాటా తీసుకుని లాభనష్టాలు పంచుకోవడం షరీఅత్‌కు దగ్గరి పద్ధతి. జనరల్ మోటార్స్‌లో అమెరికా ప్రభుత్వం సుమారు 60 శాతం వాటా తీసుకుని, 2013 నాటికి దాన్ని అమ్మివేసింది. ఆ ఏర్పాటులో వడ్డీ అప్పులు కూడా కలిసి ఉన్నా, వాటా తీసుకున్నంత మేరకు అది ఈ సూత్రాన్ని స్ఫురింపజేస్తుంది.

మూడవది బలహీనుల రక్షణ. ఇబ్బందిలో ఉన్న రుణగ్రస్తునికి గడువివ్వాలని సూరా బఖర 280వ ఆయతు చెబుతుంది. జకాత్ పొందదగినవారిలో రుణగ్రస్తులను సూరా తౌబా 60వ ఆయతు చేర్చింది. ఇవి ఆపదలో ఉన్న మనుషుల కోసం ఏర్పడినవి. వాటాదారుల పెట్టుబడికి పూచీలు కావు. కర్మాగారం మూతపడితే వీధిన పడేది కార్మికుడు, అతనిపై ఆధారపడిన కుటుంబం, విడిభాగాలు చేసే చిన్న దుకాణదారు. కంపెనీని నిలబెట్టడం సాధ్యం కాకపోయినా వీరిని నిలబెట్టవలసిన బాధ్యత సమాజంపై ఉంటుంది.

కనుక ఖాయిలా పరిశ్రమను ఆదుకోవడం తనంతట పుణ్యమూ కాదు, పాపమూ కాదు. సొమ్ము ఎవరిది, నష్టం ఎవరు భరిస్తున్నారు, రక్షణ ఎవరికి అందుతున్నది అన్న ప్రశ్నలకు వచ్చే జవాబే దాన్ని నిర్ణయిస్తుంది. నచ్చిన పార్టీ చేసినా, నచ్చని పార్టీ చేసినా ఈ ప్రశ్నలను అదే గొంతుతో అడగగలవాడే న్యాయం పక్షాన నిలిచినవాడు.