రంగు మారిందా... ఫొటో పంపండి!

ఆపరేషన్ ఒక ఊళ్లో... కాపురం మరో ఊళ్లో. సరిహద్దు తెలుగువారికిది మామూలే. కుష్ఠుతో వంకరపోయిన వేళ్లను సరిచేసే ఆపరేషన్లను వేలూరు సీఎంసీలో డాక్టర్ పాల్ బ్రాండ్ 1940ల చివర్లోనే మొదలుపెట్టారు. ఆ రోజుల్లో కుట్లు చూపించాలన్నా మళ్లీ ఆస్పత్రికి వెళ్లాల్సిందే. ఇప్పుడు స్మార్ట్‌ఫోన్ ఉంది.

ఒంట్లో ఒకచోటి చర్మం, కండ తీసి మరోచోట అమర్చేటప్పుడు సన్నని రక్తనాళాలను కలిపి కుడతారు. తర్వాత రెండు మూడు రోజులే గండం. అమర్చిన భాగం పాలిపోతే రక్తం అందడం లేదని, నీలంగా కమిలితే వెనక్కి పోవడం లేదని అనుమానించాలి. గంటల్లో సరిచేస్తేనే అది దక్కుతుంది. అందుకే రాత్రివేళ వార్డులో తీసిన ఫొటో ఇంట్లో ఉన్న సర్జన్‌కు చేరితే బోలెడు సమయం కలిసొస్తుంది. ఈ పద్ధతి నమ్మదగిందేనని తైవాన్ వైద్యులు 2011లో ప్రచురించిన పరిశోధనలో తేల్చారు.

ఇంటికొచ్చాకా ఇది పనికొస్తుంది. మంచి వెలుతురులో, రోజూ ఒకే దూరం నుంచి, మసక లేకుండా తీయాలి. అయితే వేడి, వాసన ఫొటోకు అందవు. జ్వరమొచ్చినా, చీము పట్టినా, రంగు ఉన్నట్టుండి మారినా ఫొటో పంపి జవాబు కోసం కూర్చోవద్దు. వెంటనే ఫోన్ చేసి, ఆస్పత్రికి బయల్దేరాలి!