అక్కరకు మించినది వద్దనుకున్నవారు

ప్రేమ్ బజార్ (ఖరగ్‌పూర్): పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ ఐఐటి ప్రాంగణాన్ని ఆనుకొని ఉన్న అంగడివీధి ప్రేమ్ బజార్. బ్రిటిష్ కాలపు హిజ్లీ నిర్బంధ శిబిర భవనంలో మొదలైన ఈ విద్యాసంస్థకు 1951లో లాంఛనంగా ప్రారంభోత్సవం జరిగింది. ఇక్కడి వసతిగృహంలో విద్యార్థి అవసరాలు ఒక మంచం, ఒక బల్ల, పుస్తకాలకు కాస్త చోటు, తిరగడానికి ఒక సైకిలుతో తీరిపోతాయి. నాలుగైదేళ్లు ఇలా గడిపిన యువకుడే, ఉద్యోగం రాగానే ఇల్లు, కారు, నెలసరి వాయిదాల లెక్కల్లో పడతాడు. మనిషికి నిజంగా ఎంత కావాలన్న ప్రశ్న అప్పటికి మరుగున పడుతుంది.

ఇదే పట్టణంలో మరోవైపు రైల్వే క్వార్టర్లున్నాయి. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుంచి వలస వచ్చి, వర్క్‌షాపులోనూ లైన్ల మీదా పనిచేసిన తెలుగు కుటుంబాలకు కొద్ది సామానుతో కాపురం చేయడం కొత్త కాదు. కొలువున్నన్నాళ్లే క్వార్టరు, పదవీ విరమణ చేశాక ఖాళీ చేయవలసిందే. అయితే అది పరిస్థితులు నేర్పిన పొదుపు. అన్నీ సమకూర్చుకోగలిగి ఉండీ వద్దనుకోవడం వేరు. అలా ఎందుకు వద్దనుకుంటారన్న ప్రశ్నకు మన ప్రజాజీవితంలో ఇద్దరి జీవితాలు రెండు సమాధానాలు చెబుతున్నాయి.

పనికి అడ్డు రాకూడదని

కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య 1913లో నెల్లూరు జిల్లా అలగానిపాడులో సంపన్న భూస్వామ్య కుటుంబంలో జన్మించారు. పేరులోని కులసూచకాన్ని వదులుకున్నారు. వారసత్వంగా వచ్చిన ఆస్తినీ వదులుకున్నారు. ఉద్యమానికి కుటుంబ బంధాలు అడ్డు కారాదని సంతానం సైతం వద్దనుకున్నారు. రాజ్యసభ సభ్యుడిగా పార్లమెంటుకు సైకిలుపై వెళ్లిన వైనం నేటికీ చెప్పుకుంటారు. 1985లో మరణించేనాటికి ఆయన వద్ద పుస్తకాలు తప్ప చెప్పుకోదగిన సంపద లేదు. ఆయన దృష్టిలో ఆస్తి అంటే కాలాన్ని హరించే కాపలా పని.

పరులకు మిగలాలని

తమిళనాడులో జన్మించి ఆంధ్రప్రదేశ్ కేడర్‌లో పనిచేసిన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్.శంకరన్ కారణం మరొకటి. వెట్టిచాకిరి నిర్మూలనకు పాటుపడిన ఈ బ్రహ్మచారి తన జీతంలోనూ, తరువాత పింఛనులోనూ పెద్ద భాగాన్ని పేద విద్యార్థుల చదువులకే వెచ్చించారు. పద్మభూషణ్‌ను స్వీకరించలేదు. త్రిపురలో ఆయన ప్రధాన కార్యదర్శిగా ఉన్నప్పుడు ముఖ్యమంత్రి నృపేన్ చక్రవర్తి. ఆయనా బ్రహ్మచారే. 1988లో పదవి పోయినప్పుడు ఒక రేకుపెట్టెతో అధికార నివాసం విడిచి వెళ్లినట్లు ప్రసిద్ధి. శంకరన్ 2010 అక్టోబరు 7న హైదరాబాద్‌లో కన్నుమూశారు. తనకోసం ఖర్చు చేయని ప్రతి రూపాయీ మరొకరి ఫీజుగా మారడమే ఆయన నిరాడంబరతకు అర్థం.

లేమి వేరు, నిరాకరణ వేరు

సామాన్యుడు ఇంత దూరం వెళ్లనక్కరలేదు. కానీ లెక్క ఒకటే. ఖర్చు తక్కువైనవాడికి అప్పు తక్కువ. అప్పు లేనివాడు నచ్చని ఉద్యోగాన్ని వదలగలడు, తల్లిదండ్రుల కోసం సొంత ఊరికి తిరిగి రాగలడు, తప్పును తప్పని పైఅధికారితో అనగలడు. వస్తువుకు చెల్లించే వెలలో ఈ స్వేచ్ఛ కూడా కొంత కలిసి ఉంటుంది. ధరల చీటీ మీద అది కనిపించదు.

అయితే ఒకే గదిలో అయిదుగురు తలదాచుకునే కుటుంబానికి నిరాడంబరతను బోధించడం పరిహాసమే. వారికి కావలసింది మరో గది. వద్దనే హక్కు ముందు కొనగలిగిన వారికే ఉంటుంది. కనుక ఈ ప్రశ్న వేసుకోవలసింది కూడా వారే. ప్రేమ్ బజార్ మీదుగా మొదటి జీతం వైపు సాగే యువకుడు తన పాత గదిని ఒక్కసారి తలచుకుంటే చాలు. అక్కడ తనకు ఏమి తక్కువైందో, ఏమి సరిపోయిందో అతనికే బాగా తెలుసు.