అనంతగిరి ఎక్కే ముందు జేబులో ఒక చీటీ

వానలు పడటం మొదలైతే శని, ఆదివారాల్లో అనంతగిరికి జనం పెరుగుతారు. హైదరాబాద్‌కు సుమారు 75 కిలోమీటర్లు. కొందరు కార్లలో వస్తే, కొందరు రైలెక్కి వికారాబాద్ జంక్షన్‌లో దిగుతారు. అటు తాండూరు నుంచీ వస్తారు. అనంత పద్మనాభస్వామి దర్శనం చేసుకుని, మూసీ పుట్టిన గుట్టల్లో అడవి దారి పడతారు. ఇలా కలిసి నడిచేవాళ్లలో చాలామందికి పరిచయం వాట్సాప్ గ్రూపు వరకే. పక్కన నడుస్తున్న మనిషికి షుగర్ ఉందో, ఫిట్స్ వస్తాయో, ఏ మందు పడదో తెలియదు.

ఆ తెలియకపోవడమే ప్రమాదం. ఇన్సులిన్ తీసుకునే వ్యక్తి టిఫిన్ మానేసి గుట్ట ఎక్కితే రక్తంలో చక్కెర పడిపోవచ్చు. చెమటలు, వణుకు, పొంతన లేని మాటలు. చూసేవాళ్లకు అది ఒట్టి అలసటలా కనిపిస్తుంది. షుగర్ ఉందని తెలిస్తే వెంటనే గ్లూకోజో, పంచదారో ఇస్తారు. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. రక్తం పలచబడే మందు వాడే మనిషి రాయి మీద జారిపడి తలకు దెబ్బ తగిలించుకుంటే, పైకి బాగానే ఉన్నా ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే. లోపల రక్తస్రావం జరిగే ముప్పు అలాంటివాళ్లకు ఎక్కువ.

మాట్లాడలేని మనిషి వివరాలు ఎలా తెలుసుకోవాలన్నది అంబులెన్స్ సిబ్బందికి పాత సమస్యే. బ్రిటన్‌లో బాబ్ బ్రోచీ అనే పారామెడిక్ 2005లో ఒక ఉపాయం చెప్పారు: ఇంటివాళ్ల నంబరును ఫోన్‌లో 'ఐస్' (ICE, 'ఇన్ కేస్ ఆఫ్ ఎమర్జెన్సీ'కి పొడి అక్షరాలు) అనే పేరుతో దాచుకోవాలని. ఆ జులైలో లండన్‌లో బాంబులు పేలాక ఆ మాట దేశదేశాలకు పాకింది. మన దగ్గర 108 సేవ మొదలైందీ అదే ఏడాది, ఆగస్టు 15న.

ఇప్పుడు ఫోన్లన్నింటికీ తాళాలే. అందుకే ఆండ్రాయిడ్‌లో ఎమర్జెన్సీ సమాచారం, ఐఫోన్‌లో మెడికల్ ఐడీ అనే ఏర్పాట్లు వచ్చాయి. ముందే నింపి పెట్టుకుంటే, లాక్ తీయకుండానే ఇతరులు చూడగలరు. కానీ వానకు తడిసిన ఫోను, చార్జింగ్ అయిపోయిన ఫోను ఏమీ చెప్పలేవు. కాగితం కూడా ఉండాలి.

ఆ చీటీ అరచేతిలో పట్టేంత ఉంటే చాలు. పేరు, వయసు, ఇద్దరి ఫోన్ నంబర్లు, వాళ్లు ఏమవుతారో. ఆ ఇద్దరిలో ఒకరైనా ఆ రోజు నడకకు రానివాళ్లయి ఉండాలి. భార్యాభర్తలు కలిసి వచ్చినప్పుడు ఇది చాలామంది మరిచిపోతారు. ఉన్న జబ్బులు, పడని మందులు, చేయించుకున్న ఆపరేషన్లు, గుండెలో స్టెంట్ ఉంటే అదీ రాయాలి. రోజూ వేసుకునే మాత్రల పేర్లు, మోతాదు స్ట్రిప్ మీద ఉన్నట్టే ఇంగ్లిష్ అక్షరాల్లో ఎక్కించాలి. 'తెల్ల బీపీ గోళీ' అంటే డాక్టర్‌కు ఏమీ తెలియదు. బ్లడ్ గ్రూప్ రాసినా, ఆస్పత్రిలో మళ్లీ పరీక్షించాకే రక్తం ఎక్కిస్తారు. కాబట్టి ఆ ఒక్కటీ రాసి మిగతావి వదిలేస్తే లాభం లేదు.

జిప్ కవర్‌లో పెట్టిన చీటీ ఒంటిమీదే ఉండాలి. బ్యాగు ఒకచోట, మనిషి ఒకచోట పడిపోవచ్చు. రెండో ప్రతిని కవర్‌లో పెట్టి అంటించి బృందం నాయకుడికి ఇస్తే, అవసరం పడితేనే తెరుస్తారు, లేదంటే నడక ముగిశాక తిరిగి ఇచ్చేయవచ్చు. మూర్ఛ సంగతి, మానసిక వైద్యం సంగతి గ్రూపులో అందరికీ తెలియాల్సిన పని లేదు. ఆ నమ్మకం కుదిరితేనే జనం నిజం రాస్తారు.

నాయకుడికి ఇంకో బాధ్యత ఉంది. అడవిలో కొన్నిచోట్ల సిగ్నల్ అందదు. 108 సిబ్బందికి 'అనంతగిరిలో ఉన్నాం' అంటే సరిపోదు; గుడి నుంచి ఎటువైపు, ఏ దారిలో దిగారో చెప్పాలి. ఒకరిని రోడ్డు మీదికి పంపి అంబులెన్స్‌కు ఎదురుచూడమనాలి. చీటీ ఆస్పత్రి దాకా మనిషితోపాటే వెళ్లాలి.

చీటీ కింద తేదీ వేయడం తప్పనిసరి. డాక్టర్ మందు మార్చిన రోజునే పాతది చించేసి కొత్తది రాసుకోవాలి. వికారాబాద్ స్టేషన్ బయట అందరూ టీ తాగే ఆ పది నిమిషాల్లో, చీటీ ఉందా, తేదీ ఎప్పటిదని నాయకుడు ఒక్కొక్కరినీ అడిగితే సరిపోతుంది. లేనివాళ్లకు అక్కడికక్కడే కాగితం, పెన్ను ఇవ్వొచ్చు.