రెండవ దారి

మేడ్చల్ దాటిన పిమ్మట, నాగపూరు వైపు సాగు 44వ జాతీయ రహదారి మీద అత్వెల్లి ఉన్నది. ఇటువంటి చోట గోదాము నడుపు వర్తకునికి ఇంటర్‌నెట్టు ఆగిపోయినచో ఏమి నష్టమో మొదట చూతము. రాష్ట్రము దాటిపోవు సరుకు విలువ ఏబదివేల రూపాయలకు మించినచో, 2018 ఏప్రిల్ 1వ తేదీ నుండి సాధారణముగా ఈ-వే బిల్లు ఉండవలెను. వర్తకులు దానిని ఇంటర్‌నెట్టు మీదనే తీసుకొందురు. తీగ తెగినచో సరుకు నిండిన లారీ వాకిటనే నిలిచిపోవును. డ్రైవరు బత్తా, హమాలీల కూలి మాత్రము నిలువవు.

కావున పలువురు రెండవ కనెక్షను కూడ తీసుకొందురు. అయితే రెండు బిల్లులు కట్టినంత మాత్రమున రెండు దారులు ఏర్పడవు. ఒకే చెరువుకు రెండు తూములు పెట్టినను, చెరువు ఎండిననాడు రెండును ఎండును. రెండు కంపెనీల ఫైబరు తీగలు రోడ్డు పక్క ఒకే కందకములో వచ్చుచున్నచో, మన్ను తవ్వు యంత్రము ఒక్క పోటుతో రెంటిని తెంచగలదు.

2008 జనవరి 30వ తేదీన ఈజిప్టులోని అలెగ్జాండ్రియా సమీపమున, సముద్రగర్భములో, వేర్వేరు యాజమాన్యముల కేబిళ్ళు రెండు ఒకే దినమున తెగినవి. మన దేశమునను ఇంటర్‌నెట్టు మందగించినది. యాజమాన్యములు వేరైనను, అవి సాగిన త్రోవ దాదాపు ఒక్కటే.

అందుచేత రెండవ కనెక్షను ఇచ్చువారిని ముందుగా అడుగవలసినది, వారి తీగ ఏ త్రోవన వచ్చునని. ఒకటి ఫైబరైనచో, రెండవది మొబైలు టవరు ద్వారా వచ్చుట మేలు. ఆ టవరుకు పోవు ఫైబరు సైతము అదే కందకములో ఉన్నదేమో విచారించవలెను.

రెండు దారులను ఏలు పెట్టె రౌటరు. మొదటి దారి చెడగానే అది రెండవదానికి మారవలెను. ఇక్కడొక చిక్కు ఉన్నది. తీగ ఎక్కడో దూరమున తెగినచో, గోదాములోని పెట్టె మీద దీపము వెలుగుచునే ఉండును. రౌటరు అంతయు బాగున్నదనుకొనును. కనుక దూరమున వేర్వేరు చోట్లనున్న రెండు చిరునామాలను మాటిమాటికి పలుకరించి, ఎక్కడనుండియు జవాబు రానిచో దారి మార్చునట్లు దానిని అమర్చవలెను. కరెంటు పోయినప్పుడు రౌటరుకు యూపీఎస్ అండగా ఉండవలెను.

నెలకొకసారి, పని తక్కువగా ఉన్న వేళ, మొదటి తీగను చేతితో ఊడదీసి, ఈ-వే బిల్లు పోర్టలు తెరచుకొనుచున్నదో లేదో చూడుడని మా సలహా. లారీ వాకిట నిలిచిన తరువాత ఈ పరీక్షకు వ్యవధి ఉండదు.