పెరడు లేని ఇంటి కూరమొక్కలు

పెరడు లేని గృహస్థులు కూరమొక్కలపై ఆశ వదలుకొననక్కరలేదు. పాత బకెట్టు, నూనెడబ్బా, గోనెసంచి, ఏదైనను చాలును. పురుగుమందు డబ్బాలు మాత్రము కూడదు. మట్టి, చివికిన పశువుల ఎరువు, కడిగిన కొబ్బరిపొట్టు సమపాళ్లుగా కలిపినచో తొట్టి తేలికయగును. మేడకప్పుపై భారము తగ్గును. తోటకూరకు జానెడు లోతు చాలును. వంగ, టమాటాలకు 12 అంగుళములు కావలెను.

అయితే మేము ముఖ్యముగా చెప్పదలచినది నీటి విషయము. డబ్బా అడుగున రంధ్రములు లేనిచో నీరు నిలిచి, గాలి అందక వేళ్లు కుళ్లును, ఆకులు వాడును. అది దాహమని భ్రమించి మనము మరింత నీరు పోసి, బ్రతుకవలసిన మొక్కను చేజేతుల చంపుకొందుము. కావున ముందే నాలుగు రంధ్రములు చేయవలెను. నీరు పోయుటకు ముందు మట్టిలో వ్రేలు గుచ్చి చూడవలెను. తడి తగిలినచో చెంబు ప్రక్కన పెట్టుదము.