సొంతముగా కట్టిన సి.ఎన్.సి. యంత్రములో దిక్కులు తారుమారైనపుడు
విత్తు యంత్రమునకు గింజల పళ్ళెము చెక్కుకొనవలెనని మీరు సొంతముగా సి.ఎన్.సి. యంత్రమును అమర్చుకొంటిరి. పళ్ళెము అద్దములోని బొమ్మవలె వచ్చినదా? ఎక్స్, వై అక్షములలో ఏదో ఒకటి తిరగబడినది. ఒకవైపు వాలుగా గుంటలున్న పళ్ళెమైనచో అది ఎందుకును కొరగాదు.

మొదట కరెంటు ఆపి, జెడ్ అక్షపు మరను చేతితో త్రిప్పి పనిముట్టును ఎత్తుగా నుంచుడు. లేనిచో జెడ్ తిరగబడియున్నపుడు ఎత్తుమనిన పనిముట్టు బల్లలో దిగును. పిదప ఒక్కొక్క అక్షమును 5 మిల్లీమీటర్లు ధన దిశకు నడపుడు. పనిముట్టు ఎక్స్ అక్షములో కుడికి, వై అక్షములో మీకు దూరముగా, జెడ్ అక్షములో పైకి పోవలెను. బల్లయే కదలు యంత్రములో వై ఆజ్ఞకు బల్ల మీవైపు వచ్చిన అదియే సరి. చెక్కపై పనిముట్టు దూరముగా జరిగినట్లే గదా! బల్లను చూచి తీగలు మార్చువారు బాగున్న యంత్రమును చెడగొట్టుకొందురు.

నిజముగా తప్పున్నచో, కరెంటు ఆపి, ఆ స్టెప్పరు మోటారు తీగలలో ఒక్క జతలోని రెండింటిని మాత్రము అటునిటు చేయవలెను. రెండు జతలను మార్చిన ఫలము లేదు. కరెంటుండగా తీగ ఊడదీసిన డ్రైవరు కాలిపోవచ్చును. జి.ఆర్.బి.ఎల్. వాడువారు తీగలు ముట్టనక్కరలేదు. $3 అను అమరికలో ఎక్స్ తిరగబడిన 1, వై అయిన 2, జెడ్ అయిన 4 వ్రాయవలెను. రెండు తిరగబడినచో ఆ అంకెలను కూడవలెను.

దిశ మార్చినచో హోమింగు దిశయు మారును. ఆపు మీటపై చేయి ఉంచి చూడుడు. ఎదురు దిక్కునకు పోయినచో $23 అమరికను మార్చుకొనుడు.